ఆబోతు తల్లి తాగిన నీళ్లు

చిరంజీవి సుజాతకు,

కొల్హార్ పారిశ్రామిక వాడ పక్క ఊళ్లో ఒక దేవని జాతి ఆబోతు దాటిన ఆవులన్నీ చూలు నిలవక తిరిగి పొర్లుతున్నాయనీ, రైతు ఫ్యాక్టరీ నీళ్లనే తిడుతున్నాడనీ రాశావు. అక్కడ మందుల, రసాయనాల యూనిట్లున్న మాట నిజమే. వాసన గురించీ నీళ్ల గురించీ చుట్టుపక్కల జనం మొత్తుకుంటున్న మాటా నిజమే. అంతమాత్రాన కేసు తేలిపోలేదు.

ముందు క్యాలెండర్ చూడు. ఆబోతులో వీర్యకణం తయారవడానికి దాదాపు 61 రోజులు, పక్వానికి రావడానికి ఇంకో వారం పది రోజులు పడుతుంది. నీ సూక్ష్మదర్శినిలో ఇవాళ కనబడేది రెండు నెలల కిందటి సంగతన్నమాట. బీజాలు ఒంటికన్నా నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉండాలి. మే నెలలో నీడ లేకుండా కట్టేశారా, జ్వరమేమైనా తగిలిందా అడుగు.

తర్వాత మేత తొట్టి. పత్తి చెక్క ఎంత పెడుతున్నారు? అందులోని గాసిపాల్ పత్తి మొక్క తనకు తానే చేసుకునే విషం. కొంత మొదటి పొట్టలోనే కట్టుబడుతుంది గానీ, మోతాదు మించి నెలల తరబడి పెడితే వీర్యకణం నడుము దెబ్బతిని ఈదలేదు. రసాయనమంటే గొట్టంలోంచి వచ్చేదేనని మనకో నమ్మకం!

అలాగని రైతు మాట కొట్టిపారెయ్యకు. 1977లో కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే పురుగుమందు తయారుచేసే కార్మికులు, తమకెవరికీ పిల్లలు పుట్టడం లేదేమని వాళ్లలో వాళ్లే అనుకున్నారు. పరీక్షిస్తే కొందరిలో వీర్యకణాలే లేవు. డాక్టర్లకన్నా ముందు పట్టుకున్నది వాళ్లే.

అసలు చిక్కు ఇంకోటుంది. వీర్యకణాలను సాకే సెర్టోలి కణాల సంఖ్య తల్లి కడుపులో మొదలై, ఈడు వచ్చేలోపు ఖాయమైపోతుంది. స్కాట్లాండ్‌లో మురుగు మడ్డి ఎరువుగా చల్లిన పచ్చికలో చూలు గొర్రెలనూ, వాటి పిల్లలనూ మేపి చూశారు. ఎదిగిన పొట్టేళ్లలో కొన్నింటికి బీజకణాలు బాగా తగ్గాయి. అన్నింటికీ కాదు. అందుకే ఈ ఆబోతు ఎక్కడ పుట్టింది, చూలుతో ఉన్నప్పుడు దాని తల్లి ఏ నీళ్లు తాగింది అన్నది రాసుకో. సంతలో కొన్నదైతే కొల్హార్ నీళ్లను తప్పుపట్టే ముందు కాస్త ఆగాలి.

నీళ్ల నమూనా గాజు సీసాలో తియ్యి. ప్లాస్టిక్ నుంచి థాలేట్లనే రసాయనాలు దిగి లెక్క తప్పిస్తాయి. ల్యాబుకు ఏ పదార్థం వెతకాలో పేరు పెట్టి చెప్పు. నీటి మురికిని కొలిచే మామూలు బీఓడీ, సీఓడీ పరీక్షల్లో మందుల పేర్లు తెలియవు. మన పటాన్‌చెరులో శుద్ధిచేసి వదిలిన నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. శుద్ధి అయిందన్న కాగితం చూసి వెనక్కి రాకు.

డెబ్బై రోజుల తర్వాత మళ్లీ వీర్యం తీసి చూడు. ఈలోగా ఆవులను ఖాళీగా ఉంచకుండా, ఎదకు రాగానే మంచి కేంద్రం వీర్యపు స్ట్రాతో సూది వేయించు. చూలు నిలిస్తే తప్పు ఆబోతుది. అప్పుడూ పొర్లితే ఆబోతును వదిలేసి ఆవుల దగ్గర మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
పెదనాన్న