జాగిలానికి నీళ్లిచ్చే ముందు



శ్రీరామనవమికి వేములవాడ రాజన్న గుడి దగ్గర వాలంటీరుగా చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కల్యాణం నాటికి ఎండలు ముదురుతాయి. ఆ జనంలోనే పోలీసు జాగిలాలు క్యూలైన్లనూ సంచులనూ వాసన చూస్తూ తిరుగుతాయి. నాలుక చాపి రొప్పే జాగిలాన్ని చూస్తే నీ మనసు ఊరుకోదు, నాకు తెలుసు. ఉద్యోగమంతా పశువైద్యశాలలో గడిపినవాణ్ని కాబట్టి చెబుతున్నా, నువ్వు పోవలసింది కుక్క దగ్గరికి కాదు, దాని గొలుసు పట్టుకున్న హ్యాండ్లర్ దగ్గరికి.

ఎందుకంటావా? కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్లలో కాస్త పడుతుందంతే. ఒంట్లో వేడిని రొప్పుతూనే బయటికి పంపాలి. రొప్పేటప్పుడు గాలి ఎక్కువగా నోటి గుండా పోతుంది, ముక్కు పని మందగిస్తుంది. అంటే వేడెక్కిన జాగిలం సంచిలో ఉన్నదాన్ని పసిగట్టలేకపోవచ్చు. దానికి ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలో, ఎన్ని నీళ్లు తాగించాలో హ్యాండ్లర్‌కు తెలుసు. మొయినాబాద్‌లోని శిక్షణ కేంద్రంలో కుక్కా మనిషీ నెలల తరబడి కలిసే నేర్చుకుంటారు. పరాయివాళ్లు పెట్టింది తినకూడదని కూడా దానికి నేర్పుతారు. నువ్వు బాటిల్ పట్టుకుని ఎదురుపోతే దాని ధ్యాస చెదురుతుంది.

"సార్, నీళ్లు తేవాలా? నీడ ఎక్కడుందో చూపించాలా?" అని అడుగు. కావాలంటే బకెట్ తెచ్చి ఆయన చేతికివ్వు. వద్దంటే పక్కకు తప్పుకో, అందులో చిన్నతనమేమీ లేదు. లడ్డూ మాత్రం ఎవరినీ పెట్టనివ్వకు. అందులోని ఎండు ద్రాక్ష కుక్క కిడ్నీలను పాడుచేస్తుంది. భక్తులకు ఈ సంగతి తెలియదు, ప్రేమతోనే పెట్టబోతారు. కసరకుండా చెప్పు.

నేల సంగతి చూడు. బండ మీదో సిమెంటు రోడ్డు మీదో అరచేతి వెనుక భాగం ఆనించి ఐదు సెకన్లు ఉంచు. నీ చేయి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. చెప్పులు విడిచిన భక్తుల కోసం పరిచి తడిపిన పట్టాల మీద దానికీ కొంచెం దారి ఇప్పించు. అన్నిటికంటే పెద్ద సాయం అదే.

కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 106 దాకా పోతే ప్రాణం మీదికి వస్తుంది. నాలుక వెడల్పై వేలాడటం, చొంగ చిక్కబడటం, చిగుళ్లు ఎర్రబారటం, కాళ్లు తడబడటం కనబడితే వెంటనే హ్యాండ్లర్‌కు చెప్పు. ఆయన రమ్మంటే నీడలోకి చేర్చి, ఒంటి మీద మామూలు నీళ్లు పోస్తూ విసరండి. తడి గోనెసంచి కప్పి వదిలేయకండి, వేడి లోపలే నిలుస్తుంది. స్పృహ తప్పితే నోట్లో నీళ్లు పోయొద్దు. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ వరుస మారితే దారిలోనే ప్రాణం పోవచ్చు.

చూపులేని వాళ్లకు దారిచూపే కుక్క ఎక్కడైనా ఎదురైనా ఇదే పద్ధతి. ముందు ఆ మనిషిని అడుగు, కుక్క పట్టీ మీద చేయి వేయకు.

డ్యూటీకి పోయే ముందురోజే దగ్గరలోని పశువైద్యశాల నంబరు ఫోన్‌లో వేసుకో. పండుగ పూట డాక్టరు ఉంటారో లేదో కూడా అప్పుడే కనుక్కో.

మీ తాత