సజీవశిల – అజ్ఞాత అతిథులు

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రకృతి పరిశీలన విజ్ఞానానికే కాక వివేకానికీ మూలం. చూచినంతనే తీర్పు చెప్పక, ఆనవాళ్ళను పరిశీలించి నిర్ణయించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

శిలకు ప్రాణం వచ్చిందనగానే మనకు అహల్యావృత్తాంతం స్ఫురిస్తుంది. సముద్రంలోని సజీవశిల కథ వేరు. ఈ శిలకు స్వతహాగా ప్రాణం లేదు. దానిని ఆశ్రయించి బ్రతికే జీవుల వల్లనే దానికి ఆ పేరు వచ్చింది. దీనినే ఆంగ్లంలో 'లైవ్ రాక్' అంటారు.

పగడపు జీవులు నిర్మించుకొన్న సున్నపు గూళ్ళు, అవి మరణించిన పిమ్మట రాళ్ళుగా మిగులుతాయి. ఆ రాళ్ళనిండా సూక్ష్మరంధ్రాలు, వాటినిండా బాక్టీరియా. ఉప్పునీటి అక్వేరియంలో చేపల విసర్జనల నుండి అమ్మోనియా అనే విషం పుడుతుంది. రాతి పైపొరల్లోని బాక్టీరియా దానిని మొదట నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తుంది. ప్రాణవాయువు అంతగా చొరని లోపొరల్లోని బాక్టీరియా ఆ నైట్రేటును నత్రజని వాయువుగా మార్చివేస్తుంది. అందుకే అక్వేరియం నిర్వాహకులు సజీవశిలను ఆదరిస్తారు.

అయితే శిల ఒంటరిగా రాదు. రాకకు తిథి నియమం లేనివాడు అతిథి అని పెద్దలు చెబుతారు. రాతి పగుళ్ళలో దాగి వచ్చే జీవులు అటువంటి అతిథులే. వాటిలో మిత్రులెవరు, శత్రువులెవరు?

బ్రిసిల్ వర్మ్ అనే సముద్రపు పురుగునే చూడండి. దాని దేహానికి ఇరువైపులా సన్నని శూకాలుంటాయి. అవి చేతికి గుచ్చుకొంటే మంటపుడుతుంది. రాత్రి చనిపోయిన చేపపై తెల్లవారేసరికి ఈ పురుగులు మూగి ఉంటాయి. యజమాని వాటినే హంతకులని తలచి ఏరివేస్తాడు. నిజానికి వాటిలో అధికభాగం మిగిలిన మేతను, మృతకళేబరాలను తిని నీటిని శుభ్రపరిచేవే. పంచతంత్రంలోని 'అపరీక్షితకారకం'లో ముంగిస కథ ఉంది. బిడ్డను పాము బారి నుండి కాపాడిన ముంగిస మూతికి అంటిన నెత్తురు చూచి, అదే బిడ్డను చంపిందని ఇంటివారు దానిని వధిస్తారు. పాపం, ఈ పురుగుదీ ఆ ముంగిస గతే.

అలాగని ప్రతి పురుగునూ నమ్మరాదు. ఇంగ్లండులోని న్యూక్వే పట్టణంలో ఒక ప్రదర్శన అక్వేరియంలో పగడాలు తరచుగా తెగిపడుతుండేవి. కారణం అంతుపట్టలేదు. ఎర పెట్టి వల పన్నినా ఫలితం లేకపోయింది. చివరకు 2009లో సిబ్బంది రాళ్ళను ఒక్కొక్కటిగా తొలగించగా, సుమారు 4 అడుగుల పురుగు బయటపడింది. అది యూనిస్ జాతిది. తలపై ఐదు స్పర్శశృంగాలు, బలమైన దవడలు దాని ఆనవాళ్ళు.

అందం కూడా మోసగిస్తుంది. ఐప్టేసియా అనే చిన్న సీ ఎనిమోన్ పారదర్శకమైన గోధుమవన్నె పువ్వువలె ఉంటుంది. అది తన స్పర్శకాలతో పొరుగున ఉన్న పగడాలను కుట్టి బాధిస్తుంది. తొందరపడి దానిని నలిపితే తునకల నుండి కొత్తవి పుట్టుకొస్తాయి. పెప్పర్‌మింట్ రొయ్య వంటి సహజశత్రువును ప్రవేశపెట్టడం మేలు.

రాతిలోనుండి 'టక్ టక్' మని చప్పుడు వినిపిస్తే అది మాంటిస్ రొయ్య కావచ్చు, పిస్టల్ రొయ్య కావచ్చు. మొదటిది చేపలను, పీతలను వేటాడే క్రూరజీవి. కాడల చివరనున్న దాని కళ్ళు దేనికది తిరుగుతుంటాయి. రెండవదానికి ఒక కొండి మిక్కిలి పెద్దది. వాటిలో కొన్ని గోబీ చేపతో చెలిమి చేసి ఒకే కలుగులో కాపురముంటాయి. చప్పుడు ఒకటే, స్వభావాలు వేరు!

కనుక అనుభవజ్ఞులు రాతిని నేరుగా ప్రధాన తొట్టిలో ఉంచరు. వేరొక తొట్టిలో కొన్ని వారాలు ఉంచి, రాత్రివేళ ఎర్రని వెలుతురులో గమనిస్తారు. కాళ్ళెన్ని, కొండ్ల తీరేమిటి, ఏమి తింటున్నది అని పరిశీలించిన తరువాతనే ఉంచాలా, తొలగించాలా అని నిర్ణయిస్తారు.

ఇంకొక సంగతి మరువరాదు. మనం అతిథులని పిలిచే ఈ జీవులు కోరి రాలేదు. వాటి ఇంటితో సహా మనమే వాటిని తెచ్చుకొన్నాం. మన దేశంలో 2001లో ప్రవాళభిత్తులను నిర్మించే పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. సముద్రపు రాతిని సముద్రంలోనే ఉండనిచ్చి, మనుషులు తయారుచేసిన రాతిపై మేలుచేసే బాక్టీరియాను పెంచుకొనే మార్గమూ ఉన్నది. పరిశీలన తెలిసినవానికి ఆ నిగ్రహమూ అలవడాలి.

అర్థాలు

శూకాలు = ముళ్ళవంటి సన్నని వెంట్రుకలు
కళేబరం = ప్రాణం లేని శరీరం
అపరీక్షితకారకం = పరీక్షించకుండా చేసే పని
ప్రవాళం = పగడం
నిగ్రహం = తనను తాను అదుపు చేసుకోవడం

ప్రశ్నలు

1. శిలకు 'సజీవశిల' అనే పేరు ఎట్లు వచ్చింది?
2. బ్రిసిల్ వర్మ్‌ను ముంగిసతో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
3. "చప్పుడు ఒకటే, స్వభావాలు వేరు" – సందర్భసహిత వ్యాఖ్య రాయండి.