చిట్టితల్లికి అమ్మమ్మ ఉత్తరం

చిట్టితల్లీ,

హాస్టల్లో వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. మొన్న "నేను బాగానే ఉన్నాగా, నాకెందుకమ్మమ్మా పరీక్షలు" అన్నావే, ఆ మాట గురించే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే నన్ను నవ్వించి మాట దాటేస్తావు.

అన్నయ్యకూ మొదట ఏమీ లేదు కదమ్మా. పదో తరగతి దాకా వాడి చేతిరాత ముత్యాల కోవ, వీధిలో ఎవరింట్లో పెళ్లయినా శుభలేఖల మీద పేర్లు రాయడానికి వాడినే పిలిచేవారు. ఇంటర్లోకి వచ్చాక ఆ అక్షరాలే చిన్నవై, వంకర్లు పోయి, ఒకదాని మీదొకటి ఎక్కడం మొదలైంది. మాట ముద్దముద్దగా రావడం, ఉన్నట్టుండి కోపం, దిండు మీద చొంగ, చేతుల్లో వణుకు. కాలేజీలో చదువు మీద ధ్యాస లేదన్నారు. నువ్వు మాత్రం, ఇంతున్న పిల్లవి, ఎవరూ చెప్పకుండానే వాడి గ్లాసులో తొణక్కుండా సగానికే నీళ్లు పోసి, వాడు చిన్నబుచ్చుకోకుండా నీ గ్లాసులోనూ సగమే పోసుకుని, అయిపోగానే మళ్లీ లేచి ఇద్దరికీ పోసేదానివి. వంటింట్లోంచి నేను చూస్తూనే ఉండేదాన్ని తల్లీ.

చివరికి కంటి డాక్టరు మిషన్లో చూసి, నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం ఉందన్నాక గానీ అది విల్సన్ వ్యాధని తేలలేదు. 1912లో లండన్లో కినియర్ విల్సన్ అనే నరాల డాక్టరు దీని గురించి వివరంగా రాశాడట. తిండిలోంచి వచ్చే రాగిలో ఒంటికి అక్కర్లేనిదాన్ని కాలేయం పైత్యరసంతో బయటికి పంపాలి. ఆ పని చేయించే జన్యువు చెడితే రాగి ముందు కాలేయంలో, తర్వాత మెదడులో, కళ్లలో పేరుకుంటుంది. కొందరికి వణుకు కాదు, కామెర్లూ పొట్ట ఉబ్బడమూ కాళ్ల వాపులే ముందు కనిపిస్తాయి. మీ అమ్మానాన్నలది మేనరికం, ఆ చెడ్డ జన్యువు ఒకే పెద్దల నుంచి ఇద్దరికీ ఒక్కొక్కటి వచ్చి ఉంటుంది, ఒక్కటే కాబట్టి వాళ్లకేమీ కాలేదు. అన్నయ్యకు ఇద్దరి నుంచీ వచ్చింది. తోబుట్టువుకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది, పైకి ఏమీ కనిపించకపోయినా సరే.

నువ్వు బెంగపడకు. 1956లో వాల్ష్ అనే ఆయన పెనిసిల్లమిన్ వాడి చూపించినప్పటి నుంచీ ఇది మందున్న జబ్బే. అన్నయ్య పరగడుపునే మాత్ర వేసుకుంటున్నాడు, నిన్న కిరాణా చీటీ తనే రాసిచ్చాడు, చింతపండు దగ్గర కాస్త వణికింది గానీ కొట్టువాడు ఒక్కటీ అడక్కుండా అన్నీ కట్టిచ్చాడు. లక్షణాలు రాకముందే పట్టుకుంటే, మందు జీవితాంతం మానకుండా వాడుకుంటూ కాలేయాన్నీ మెదడునూ కాపాడుకోవచ్చని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు.

దసరా సెలవుల దాకా ఆగొద్దు. ఈ శనివారమే రా. సెరులోప్లాస్మిన్ పరీక్షకు రక్తం ఇవ్వాలి, 24 గంటల మూత్రంలో రాగి ఎంతుందో చూస్తారు, కళ్లు చూపించుకోవాలి. మావయ్య స్టేషనుకు వస్తాడు, ఏ బండికి వస్తున్నావో ఈ రాత్రికే చెప్పు.

నీ అమ్మమ్మ