తలలైటు కొనుటకు ముందు

చీకటి పడిన పిమ్మట పొలమునకు నీరు పెట్టబోవు రైతునకు, మంచినీటి మోటారు వేయబోవు పంచాయతీ ఉద్యోగికి రెండు చేతులును పనిలో ఉండును. అందుచే తలకు కట్టుకొను ఎల్.ఇ.డి. లైటు నేడు పలుగు పారల వలెనే గ్రామములో ఒక పనిముట్టయినది. దాని వెలుగు చాలనిచో కలుగు కీడు చిన్నది కాదు. 2000 నుండి 2019 వరకు మన దేశములో పాముకాటు వలన సుమారు 12 లక్షలమంది మరణించిరని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసినది. మరణములు హెచ్చుగానున్న రాష్ట్రములలో, తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ కూడ ఒకటి. కావున పంచాయతీ తన సిబ్బందికి ఇట్టి లైట్లు కొనునప్పుడు గమనింపవలసిన విషయములను ఇచట వివరింపదలచితిమి.

వెలుగు కొలతలు

లైటు పెట్టెపై లూమెనులని ఒక అంకె ఉండును. లైటునుండి అన్ని వైపులకు వెలువడు మొత్తము వెలుగునకు అది కొలత. నేలపై ఒక చదరపు మీటరు చోట పడు వెలుగును లక్సులలో కొలుతురు. మోటారు పోయు నీటి వంటిది లూమెను. మడిలో నిలిచిన నీటి లోతు వంటిది లక్సు. ఒకే నీరు చిన్న మడిలో లోతుగా నిలుచును, పెద్ద మడిలో పలుచగా పారును. అట్లే ఒకే వెలుగు సన్నని ధారగా పోయిన దూరమునకు చేరును, పరచుకొన్నచో దగ్గర చోటంతయు కనిపించును.

దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవ వంతగును. మూడు మీటర్ల దూరమున 40 లక్సులున్నచో ఆరు మీటర్ల దూరమున 10 లక్సులే మిగులును. పెట్టెపై '100 మీటర్లు' అని యున్నచో అంత దూరమున పామును గుర్తింపవచ్చునని తలపరాదు. అమెరికాలో 2009లో ఏర్పడిన ఎఫ్.ఎల్.1 ప్రమాణము ననుసరించి, వెలుగు పావు లక్సుకు తగ్గిన చోటునే దీపము చేరు దూరముగా లెక్కింతురు. పావు లక్సనగా ఇంచుమించు పున్నమి వెన్నెల. గట్లపై నడచువానికి కావలసినది ముందున్న ఐదారు మీటర్ల నేల చక్కగా కనిపించుటయే.

బ్యాటరీ చెప్పు నిజము

పెద్ద అంకెలను పరీక్షించుటకు సులభమైన లెక్క యొకటి కలదు. ఈ లైట్లలో తరచుగా వాడు 18650 రకపు లిథియం బ్యాటరీ 18 మిల్లీమీటర్ల వ్యాసము, 65 మిల్లీమీటర్ల పొడవు గలది. మంచి బ్యాటరీలో సుమారు 3,500 మిల్లీ ఆంపియర్ గంటల విద్యుత్తు నిలువయుండును. దానిపై 9,900 అని ముద్రించినచో అది నమ్మదగినది కాదు. 3.6 వోల్టుల చొప్పున ఇది 12.6 వాట్ గంటలగును. వాట్టుకు 100 లూమెనులు వచ్చునని అనుకొన్నచో, 150 లూమెనుల వెలుగు సుమారు ఎనిమిది గంటలు నిలుచును. అదే బ్యాటరీతో 10,000 లూమెనుల వెలుగు రాత్రియంతయు వచ్చునని చెప్పు వర్తకుని మాట ఈ లెక్కకు నిలువదు.

రంగుల సంగతి

తెల్లని ఎల్.ఇ.డి. వెలుగు నిజమునకు నీలి వెలుగునుండి పుట్టినది. నీలి ఎల్.ఇ.డి.పై పసుపుపచ్చని పూత పూయుదురు. రెండును కలిసి తెలుపుగా కనిపించును. ఈ నీలి ఎల్.ఇ.డి.ని సాధించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది.

వెలుగు ఛాయను కెల్విన్లలో చెప్పుదురు. పాత తీగ బల్బుది సుమారు 2,700, చవుక ఎల్.ఇ.డి.లలో పలు రకములు 6,500కు చేరును. అంకె పెరిగినకొలది వెలుగు నీలిగా మారును. నీలి వెలుగు పురుగులను ఎక్కువగా ఆకర్షించును. తలపైనున్న లైటునకు వచ్చు పురుగులు ముఖముపైననే వ్రాలును గదా!

రంగులు ఎంత నిజముగా కనిపించునో తెలుపు కొలత సి.ఆర్.ఐ. దీని గరిష్ఠము 100. సామాన్యపు లైట్లలో 70 ప్రాంతము, మేలైన వానిలో 90కి పైన ఉండును. ఈ అంకె తక్కువైన వెలుగులో ఎరుపు, గోధుమ రంగులు పాలిపోవును. గోధుమవన్నె నేలపై రక్తపింజరి మచ్చలు, స్టార్టరులోని ఎర్ర తీగ, గాయపు ఎరుపు స్పష్టముగా తెలియవు. అదే విద్యుత్తుతో మేలైన రంగు నిచ్చు లైటునకు లూమెనులు కొంత తగ్గును. అయినను ఇట్టి పనులకు అదియే మేలు.

పంచాయతీ చేయదగిన పరీక్ష

కొనుటకు ముందు రెండు మూడు నమూనాలు తెప్పింపుడు. బ్యాటరీలు నింపి, చీకటి రాత్రి పాఠశాల గోడకు మూడు మీటర్ల దూరమున నిలిచి ఒక్కొక్క లైటును వెలిగింపుడు. గోడ దగ్గర తెల్లని కాగితము, ఎండుమిరపకాయలు, పసుపు, ఎండుటాకులు, ఎర్రమన్ను ఉంచి చూడుడు. ఏ వెలుగులో ఆకు, మన్ను వేరువేరుగా తోచునో గుర్తించుకొనుడు. గంట గడచిన పిమ్మట మరల చూడుడు. వెలుగు ఎంత తగ్గినదో తెలియును. ఫలితములను వ్రాసి, ధరతోపాటు సభలో చర్చింపుడు.

లైటు ఎంత మంచిదైనను చేతికర్రను, కాలికి బూట్లను మానరాదు. పాము కరచినచో మంత్రములకై కాలము గడపక, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.