పుట్ ఆఫ్ గురించి మేనకోడలికి



ఆంగ్లంలో ఒక క్రియకు ఆఫ్, అప్, అవుట్ వంటి చిన్న మాట తోడై, రెండూ కలిసి వేరొక అర్థాన్ని ఇచ్చినప్పుడు ఆ జంటను ఫ్రేజల్ వెర్బ్ అంటారు. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన పుస్తకంలో వాడిన ఈ పేరును ఆయనకు సూచించినవారు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులలో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ. పేరు కొత్తదే గాని చిక్కు పాతది. ఇటువంటి జంటలు పరదేశీయులను మిక్కిలి ఇబ్బంది పెడతాయని శామ్యూల్ జాన్సన్ 1755లోనే తన నిఘంటువు పీఠికలో గుర్తించారు.

తెలుగువారికి మాత్రం ఈ చిక్కు బొత్తిగా పరాయిది కాదు. దొంగ పర్సు కొట్టేస్తాడు, న్యాయమూర్తి కేసు కొట్టేస్తారు, రైతు చెట్టు కొట్టేస్తాడు. కొట్టడమంటే ఏమిటో తెలిసినంత మాత్రాన పర్సు ఏమైందో బోధపడదు, క్రియ పక్కనున్న కర్మను, అంటే ఆ పని దేనిమీద జరిగిందో దానిని, చూడవలసిందే. పుట్ ఆఫ్ తీరూ అదే. కర్మ సమావేశమో ప్రయాణమో అయితే వాయిదా వేయడం. మనిషి అయితే, అన్నంలో పురుగు కనబడి ముద్ద దిగనట్టు, మనసు విరిచేయడం. దీపం ఆర్పడమనే అర్థం మన దేశంలో తరచు వినబడుతుంది గాని, బ్రిటన్‌లో దానికి స్విచ్ ఆఫ్, టర్న్ ఆఫ్ అనడమే పరిపాటి.

వాయిదా అనే మాట అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, దాని మూలార్థం మాట ఇవ్వడం. కోర్టుల చుట్టూ తిరిగినవారికి ఇది వింటే నవ్వు రావచ్చు.

పదక్రమంలో ఒక కట్టుబాటు ఉంది. 'పుట్ ఆఫ్ ద మీటింగ్' అన్నా 'పుట్ ద మీటింగ్ ఆఫ్' అన్నా చెల్లుతుంది గాని, సర్వనామం వచ్చినప్పుడు అది నడుమనే కూర్చోవాలి: 'పుట్ ఇట్ ఆఫ్' ఒప్పు, 'పుట్ ఆఫ్ ఇట్' తప్పు. తరువాత మరో క్రియ వస్తే 'పుట్ ఆఫ్ గోయింగ్' అనాలే తప్ప 'టు గో' అనరాదు. ఇక్కడ తెలుగు చెవే కాపాడుతుంది, ఎందుకంటే 'వెళ్లడం వాయిదా వేశాడు' అంటారు గాని 'వెళ్లడానికి వాయిదా వేశాడు' అని ఎవరూ అనరు. ఆ చెవే మరొకచోట దారి తప్పిస్తుంది: 'సోమవారానికి' వాయిదా వేయడం అలవాటైన నోటికి 'టు మండే' అనాలనిపిస్తుంది గాని, ఆంగ్లంలో సాధారణంగా వినబడేది 'అన్‌టిల్ మండే'.

ఆశీస్సులతో,
మేనమామ