‘ఆల్దో’ రాశాక ‘బట్’ ఎందుకు?

ఇంటర్వ్యూలో మీ ఊరి గురించి చెప్పమంటే ఉదయగిరి పిల్లలు చాలామంది ఇలా మొదలుపెడతారు: ‘ఆల్దో ఉదయగిరి ఈజ్ ఎ స్మాల్ టౌన్, బట్ ఇట్ ఈజ్ ఫేమస్ ఫర్ వుడెన్ కట్లరీ.’ జీఐ గుర్తింపు ఉన్న చెక్క గరిటెలు, చెంచాల ప్రస్తావన తేవడం తెలివైన పనే. చిక్కల్లా ఆ ‘బట్’తోనే. ‘చిన్న ఊరే అయినా... కానీ’, ‘జ్వరం వచ్చింది కాబట్టి... అందుకని’ అంటూ తెలుగులో రెండుసార్లు అన్నా ఎవరూ పట్టించుకోరు. ఇంగ్లిష్‌లో ఒక ముడి చాలు. ‘ఆల్దో’ ఉంచితే ‘బట్’ తీసేయండి, ‘బట్’ ఉంచితే ‘ఆల్దో’.

మాట్లాడేటప్పుడు ‘బట్’, ‘సో’ హాయిగా వాడుకోవచ్చు. దరఖాస్తులో, ఆఫీసు మెయిల్లో ‘హౌఎవర్’, ‘దేర్‌ఫోర్’ నప్పుతాయి. అయితే ‘బట్’ తీసేసి అదే చోట ‘హౌఎవర్’ పెడితే కుదరదు. రెండు వాక్యాలను కలపాలంటే దాని ముందు కామా సరిపోదు. ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ ఉండాలి.

కారణం చెప్పడం దగ్గర ఇంకో తంటా. బడి సెలవు చీటీలో బట్టీపట్టిన ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ ఉద్యోగం దాకా వెంట వస్తుంది. అది తప్పేమీ కాదు. కానీ ‘యాజ్ ఐ వాజ్ వర్కింగ్ ఇన్ ఆత్మకూరు, ఐ లెర్న్‌ట్ ట్యాలీ’ అంటే పనిచేస్తున్నప్పుడు నేర్చుకున్నట్టా, పనిచేస్తున్నందువల్ల నేర్చుకున్నట్టా? ‘సిన్స్’దీ ఇదే తీరు. ‘సిన్స్ వాటర్ వాజ్ రిలీజ్డ్ ఫ్రమ్ సోమశిల, ఫార్మర్స్ హ్యావ్ సోన్ ప్యాడీ’ అన్నప్పుడు నీళ్లు వదిలినప్పటి నుంచి అనీ, వదిలారు కాబట్టి అనీ రెండర్థాలు వస్తాయి. కారణమే ముఖ్యమైతే ‘బికాజ్’ రాయండి. దాంతో వాక్యం మొదలుపెట్టకూడదని కొందరు బెదిరిస్తారు గానీ, వెనక ప్రధాన వాక్యం ఉంటే నిక్షేపంగా మొదలుపెట్టొచ్చు.

పోటీ పరీక్షల లెక్క కాస్త వేరు. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు; తప్పు జవాబుకు అర మార్కు కోత. ‘నో సూనర్’కు ‘దాన్’, ‘హార్డ్‌లీ’కి ‘వెన్’, ‘లెస్ట్’కు ‘షుడ్’ జతలు నోటికి రావాలి. ‘లెస్ట్’ మాటల్లో వినడం అరుదు, పరీక్ష కోసమే నేర్చుకోండి. ‘చదవకపోతే’ అనే అలవాటుతో ‘అన్‌లెస్ యు డోంట్ స్టడీ’ అనేస్తాం. ‘కాకపోతే’ అన్న అర్థం ‘అన్‌లెస్’లోనే ఉంది, ‘డోంట్’ కొట్టేయాలి. ఒక ముడి చాలన్నా, పరీక్షలో ‘ఆల్దో’ తర్వాత ఖాళీ ఇచ్చి ‘బట్’, ‘యెట్’ రెండూ చూపిస్తే ‘యెట్’ గుర్తించండి.