హంసపాది

వేలూరుకు దక్షిణాన జవ్వాది కొండలు ఉన్నాయి. ఊరికి 25 కిలోమీటర్ల దూరంలో, ఆ కొండల్లోనే అమిర్తి అడవి ఉంది. వానలు పడిన తర్వాత ఇటువంటి కొండవాగుల గట్ల మీద, బండల నీడన ఒక చిన్న మొక్క గుంపులుగా మొలుస్తుంది. దాని కాడ నల్లగా, సన్నగా, నూనె రాసినట్లు మెరుస్తుంది. కాడకు ఇరువైపులా అర్ధచంద్రాకారపు చిట్టి ఆకులుంటాయి. లేత ఆకు జంతికలా చుట్టుకొని పుట్టి, మెల్లగా విప్పుకొంటుంది. నీళ్ళు చల్లినా ఆకు తడవదు. చుక్కలు ముత్యాల్లా జారిపోతాయి. ఇది ఫెర్న్ జాతి మొక్క. ఆయుర్వేదంలో దీని పేరు హంసపాది.

ఫెర్న్ మొక్కకు పూవు లేదు, కాయ లేదు, విత్తనమూ లేదు. మరి ఎలా వ్యాపిస్తుంది? హంసపాది ఆకు కొన తోకలా సాగి నేలకు వంగుతుంది. తాకిన చోట వేరు పట్టి పిల్ల మొక్క అవుతుంది. ఆ పిల్ల మరొక అడుగు ముందుకు వేస్తుంది! ఇంగ్లీషువారు దీనిని 'నడిచే ఫెర్న్' అనడం ఇందుకే. ఇది కాక, ఆకు అంచు మడత కింద పొడిలాంటి సిద్ధబీజాలు ఉంటాయి. సిద్ధబీజం నేరుగా ఫెర్న్ కాదు. మొదట గోరుకన్న చిన్నదైన, హృదయాకారపు పచ్చని రేకు అవుతుంది. ఆ రేకు మీద తడి నిలిస్తేనే ఫెర్న్ పుడుతుంది. ఇందుకు నెలలు పడుతుంది కనుక ఇంటి తోటకు మొదటి పద్ధతే సులువు.

కొండకు వెళ్ళినవారు కొందరు మొక్కను వేళ్ళతో పెరికి తెస్తారు. రక్షిత అడవిలో అనుమతి లేకుండా మొక్కలు తీయడం నేరం. పైగా పెరికిన మొక్క మైదానపు ఎండకు తరచు చచ్చిపోతుంది. గుడియాత్తంలో ఒక ఇంట కుండీలో హంసపాది ఉంటే, ఆ వీధికంతా అదే చాలు. దాని పక్కన మరొక కుండీ పెట్టాలి. అడుగున పెంకుముక్కలు, పైన ఎర్రమన్ను, ఇసుక, ఆకుల ఎరువు వేయాలి. ఆకు కొనను అందులోకి వంచి చిన్న రాయి పెట్టాలి. కొత్త ఆకులు రెండు విప్పుకొన్నాక తల్లి నుండి కోయాలి. బావి గట్టు నీడ దీనికి మంచి చోటు. ఉప్పునీరు పోస్తే ఆకుల అంచులు మాడిపోతాయి, వాననీరు మేలు.

వేసవిలో ఆకులన్నీ ఎండిపోతాయి. చాలామంది మొక్క చచ్చిందని కుండీని బోర్లిస్తారు. కాని మట్టిలో దాని కొమ్ము బ్రతికే ఉంటుంది. కుండీని నీడన ఉంచి, మన్ను పూర్తిగా ఆరిపోకుండా అప్పుడప్పుడు కాస్త నీరు చిలకరిస్తే చాలు. వానలు మొదలయ్యాక నల్లని కాడ మీద మళ్ళీ చిన్న జంతిక చుట్ట తల ఎత్తుతుంది.